ముక్కలుగా వచ్చే జవాబు

మోడెం మళ్ళీ జవాబును విరిచి పంపింది. తెర మీద ఒక వరుసలో ‘ఓ’, దాని కింద వరుసలో ‘కే’. అతను కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కనురెప్పలను బొటనవేళ్ళతో నొక్కుకున్నాడు. చల్లారిన కాఫీ ఒక గుక్క తాగి, మళ్ళీ మొదటినుంచీ చదవసాగాడు.

ఊరి బయట నీటి పంపులకు బిగించే పెట్టెలోని మోడెం అది. పంపు ఆగిపోతే ఆపరేటరు ఫోనుకు సందేశం వెళ్ళాలి. పెట్టె ఇచ్చే ఆజ్ఞకు మోడెం ఏమందో చదివి అర్థం చెప్పే ప్రోగ్రాము రాయడం అతని పని. జవాబు ఒక్క ఊపున రాదు. వస్తూండగా ఆ మోడెం నంబరుకు ఎవరైనా ఫోన్ చేస్తే ‘రింగ్’ అని అడగని కబురొకటి మధ్యలో దూరుతుంది. అంతటితో ప్రోగ్రాములో జవాబు చదివే భాగం, పార్సర్, తికమకపడుతుంది, పంపు ఆగిన సంగతి గాలికి పోతుంది. సాయంత్రానికి కుదరకపోతే బయట కొన్నది వాడుకుంటామని మేనేజరు మర్యాదగానే చెప్పాడు. అప్పుడు ఈ బల్ల ముందున్న మనిషితో పనుండదని మాత్రం చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

సగం జీవితం ‘సీ’ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే గడిచింది. జుట్టు నెరిశాక ‘రస్ట్’ అనే కొత్త భాష నేర్చుకోమన్నారు. ఇంట్లో ఆ మాట చెబితే అక్క కుట్టుమిషను ఆపి, “తుప్పా? దానికి నేర్చుకోవడమెందుకురా, ఊరికే కూర్చుంటే అదే పడుతుంది” అంది.

అతనికి ఆమె తప్ప ఎవరూ లేరు. అమ్మానాన్నలు పోయాక ఇరుగుపొరుగు బట్టలు కుట్టి చదివించింది. ఎవరైనా తన పెళ్ళి మాటెత్తితే వీడి చదువు కానివ్వండి అనేది. చదువు అయ్యాక వీడో దారిన పడనివ్వండి అంది. తీరా చూస్తే ఇద్దరికీ వయసు మళ్ళింది. ఈమధ్య కాస్త నడిస్తే చాలు, ఆయాసం. పొద్దున డాక్టరు దగ్గరికని చెప్పులేసుకుని నిలబడింది గానీ, అతని మొహం చూసి తనే విప్పేసింది.

“నీ పని కానీరా ముందు. రేపటికి డాక్టరెక్కడికీ పోడుగా.”

మధ్యాహ్నమంతా, రాసినదాన్ని తనిఖీ చేసే కంపైలర్‌తో పేచీ. ఒకచోట ఎరువిచ్చిన అక్షరాలను ఇంకోచోట ముట్టుకున్నావని అది ఒప్పుకోదు. చివరికి అంతా చెరిపి తిరగరాశాడు. ఇప్పుడు పార్సర్ వచ్చిన అక్షరాలను తన దగ్గరే ఉంచుకుంటుంది, వరుస పూర్తయ్యేదాకా ఏ తీర్పూ చెప్పదు. ‘తప్పు’ అని తేల్చే చోటల్లా ‘ఇంకా రావాలి’ అని పెట్టాడు. ‘రింగ్’ వస్తే పక్కనుంచి, అసలు జవాబు కోసం చూస్తుంది.

ప్రోగ్రాముకు పరీక్షలు చేసే అమ్మాయి సరిగ్గా సందేశం వెళ్ళే క్షణానికే మోడెంకు ఫోన్ కొట్టింది. మళ్ళీ మళ్ళీ కొట్టింది. ప్రతిసారీ సందేశం వెళ్ళింది.

“వెళ్తోంది బాబాయ్. ఇక మీరూ వెళ్ళండి, మీ మొహం చూడలేకపోతున్నా” అంది.

మేనేజరు వచ్చి చూసి, తలాడించి పోయాడు. సంతోషించడానికి కూడా అతనికి ఓపిక లేకపోయింది. రేపటికి సెలవడిగితే ఇచ్చారు. అక్కకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మిషను చప్పుడులో వినపడి ఉండదనుకున్నాడు.

బస్సులో నిలబడే కునుకు తీశాడు. ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. వంటింటి కిటికీ పక్కన, కుర్చీలో అక్క వెనక్కి వాలి ఉంది. నిద్రపోతోందనుకుని చప్పుడు కాకుండా బూట్లు విప్పాడు.

“అయిపోయిందక్కా. పొద్దున్నే వెళ్దాం.”

లైటు వేసి, దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. మళ్ళీ పిలవలేదు. నేల మీద కూర్చుని, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ ఉండిపోయాడు. చిన్నప్పుడు చలికాలంలో బడికి పంపేముందు ఆమె అతని చేతులను అలాగే రుద్దేది.

ఎప్పటికో లేచి పక్కింటి తలుపు కొట్టాడు. వచ్చినవాళ్ళలో ఎవరో ఆమె ఒళ్ళోని పళ్ళెం తీసి గట్టు మీద పెట్టారు. అందులో ఒలిచిన బఠానీలు ఒక పక్కకి చేర్చి ఉన్నాయి. మిగిలిన కాయల మీద, సగం విప్పిన కాయ ఒకటి, గింజలింకా దాని పొట్టలోనే ఉన్నాయి.