కెషిక్ వద్దన్న నర్సు

కొత్త సంవత్సరం సెలవులు వచ్చాయంటే ఊరు సగం ఖాళీ. ఒకరు రాజధాని బిష్కెక్‌లో పెళ్ళికి, ఒకరు ఓష్ పట్నంలో విందుకు పోతారు. తిరిగొచ్చేటప్పుడు వట్టి చేతులతో రారు. విందు మాంసం, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టె ముక్కలు, మిఠాయిలు సంచుల్లో కట్టుకొచ్చి పదిమందికీ పంచుతారు. అదే కెషిక్. పెట్టింది కాదనకూడదు, పెట్టనిది అడగకూడదు. ఈ రెండు ముక్కలూ అక్కడి పిల్లలకు ఉగ్గుపాలతోనే అబ్బుతాయి.

బడిలో అందరూ ఎజె, అంటే అక్కా, అని పిలిచే నర్సు ఊల్కాన్‌కు యాభై నాలుగేళ్ళు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, విందుకు రమ్మనే చుట్టమూ లేడు. అయినా జనవరిలో ఆమె బల్ల మీద పది పన్నెండు సంచులు చేరేవి. ఇంటికి తీసుకెళ్ళి, టీ కాచుకుని, రోజుకొకటి విప్పి, "ఇది అనార్కుల్ టీచర్ తమ్ముడి పెళ్ళిది" అని తనకు తానే చెప్పుకుంటూ తినేది. ఆ పది రోజులూ ఆమెకూ చుట్టాలున్నట్టే ఉండేది.

ఆ ఏడు బిష్కెక్‌లో తట్టు లేచింది. ఊల్కాన్ తిన్నగా బడి డైరెక్టర్ తోక్తోసున్ అగాయ్ దగ్గరకు వెళ్ళింది.

"ప్రయాణం చేసొచ్చిన పిల్లలు టీకా కాగితం చూపిస్తేనే లోపలికి రావాలి అగాయ్. లేనివాళ్ళు మూడు వారాలు ఇంట్లోనే. రోజూ పొద్దున గుమ్మంలో నేనే గొంతులు చూస్తాను. ఆ మూడు వారాలూ బడిలో కెషిక్ కూడా వద్దు. సంచీ విప్పితే చాలు, నలభై తలకాయలు ఒకచోట చేరతాయి."

"కెషిక్ వద్దా? ఊరు నన్ను బతకనిస్తుందా ఎజె?"

"నా పేరే రాయండి. నన్నే తిట్టుకుంటారు."

డైరెక్టర్ రాసిచ్చిన ఆ ఉత్తర్వు కాగితం తన చేత్తోనే బడి తలుపుకు అంటించింది. తన బల్ల కూడా ఖాళీ అవుతుందని ఆమెకు తెలుసు. తెలిసే అంటించింది.

మూడో రోజు డ్రైవర్ షైలో పెళ్ళాం గుల్బారా కూతుర్ని తీసుకొచ్చింది. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది.

"ఉత్త జలుబే ఎజె. దారంతా ఈయన కిటికీ తీసి ఉంచాడు."

ఊల్కాన్ పిల్లను మెట్ల మీదే ఆపి, టార్చి వేసి నోట్లోకి చూసింది. బుగ్గల లోపల ఉప్పు రవ్వల్లా తెల్లటి చుక్కలు.

"తట్టులా ఉందమ్మా. ఆస్పత్రికి తీసుకెళ్ళు. దారిలో ఎవరింటికీ పోవద్దు."

గుల్బారా చేతిలో కెషిక్ సంచీ ఉంది. పిల్లనూ సంచీనీ కలిపి నర్సు గుమ్మంలోనే ఆపేసిందని ఆమెకు తల కొట్టేసినట్టయింది. "మీ కడుపున ఒక్కరు పుట్టి ఉంటే తెలిసేది" అనేసి వెళ్ళిపోయింది. ఊల్కాన్ టార్చి తుడుచుకుని తర్వాతి పిల్లను పిలిచింది.

అది తట్టే. పిల్ల రెండు వారాల్లో కోలుకుంది. బడిలో మరొక్కరికీ రాలేదు. రాలేదు కాబట్టే ఊరికి నమ్మకం పోయింది. "ఒక్కరికీ రాలేదు కదా, అంత గోల దేనికో!" అన్నారు. తలుపు గడియ వేసుకున్నవాడికి దొంగ ఎలా కనబడతాడు?

మూడు వారాలు నిండగానే ఊల్కాన్ కాగితం తనే చింపేసింది. "ఇక మీ ఇష్టం, కడుపునిండా పంచుకోండి!" అని అందరికీ వినబడేలా అంది కూడా.

ఫిబ్రవరిలో వంటమనిషి బాత్మా మనవడి ఉయ్యాల విందు నారిన్‌లో జరిగింది. సోమవారం ఊల్కాన్ పెందలాడే వచ్చి, టీ కాచి, గది తలుపు బార్లా తీసి కూర్చుంది. బాత్మా అడుగుల చప్పుడు వచ్చింది. గుమ్మం దాటి ముందుకు పోయింది.

మొదటి విరామం గంట కొట్టాక ఇక ఉండబట్టలేక టీచర్ల గదికి వెళ్ళింది. ప్రతి బల్ల మీదా ఒక సంచీ ఉంది. ఆమెను చూడగానే నవ్వులు ఆగిపోయాయి. అనార్కుల్ అయితే సంచీని పుస్తకాల వెనక్కి నెట్టేసింది.

"చేతులు కడుక్కునే తింటున్నాం ఎజె" అంది.

 అడగకూడనిది ఊల్కాన్ నోటి వెంట వచ్చేసింది.

"నాకేదీ, బాత్మా?"

 బాత్మా మొహం కందిపోయింది. "మీకా? మీకు ఇవన్నీ గిట్టవనుకున్నాం ఎజె. అన్నీ పంచేశానే!"

"ఊరికే అన్నాలే, వేళాకోళానికి. మనవడికి టీకాలు వేయించావా?"

"ఆఁ, వేయించాం."

"మంచి పని చేశారు."

అనార్కుల్ నొచ్చుకుని తన సంచీ ఇవతలికి లాగి ముందుకు జరిపింది. పెట్టింది కాదనకూడదు కనుక ఊల్కాన్ ఒక బోర్సోక్ తీసుకుని నోట్లో వేసుకుంది. బాగానే ఉంది. కానీ అది అనార్కుల్ కోసం కట్టిన సంచీలోది.