ఈశాన్య మూల ఎర్రనీళ్లు

డెబ్బై ఎనిమిదో సంవత్సరం ఆషాఢంలో ఒక పొద్దున, అంగడి తెరిచి దేవుడి పటాలకు ఊదుబత్తి తిప్పుతూ ఉండగానే సీనప్ప వచ్చి పసుపు పొట్లం బల్ల మీద పెట్టాడు. ముందురోజు నేను కట్టి ఇచ్చిన పొట్లమే. సగం వాడినట్టుంది.

"ఏమప్పా నాగరాజప్పా, దీంట్లో ఏం కలిపినావు?"

ఊదుబత్తి చేతిలోనే ఉండిపోయింది. గూళూరులో మా నాయన పెట్టిన అంగడి ఇది. బియ్యంలో రాళ్లున్నాయని అన్నవాళ్లున్నారు, బెల్లం నల్లగా ఉందని అన్నవాళ్లున్నారు. పసుపును మాత్రం అంతవరకు ఎవరూ ఒక్క మాట అనలేదు. కొమ్ములు తెప్పించి ఇంట్లోనే దంచుతాము.

"ఏం కలుపుతానప్పా? మా ఇంటామె దంచిన పసుపు. పొద్దున మా గడపకు కూడా అదే పూసింది."

"మా నేల మీద పోస్తే నెత్తురైపోయింది మరి!"

సీనప్పకు ఊరి తూర్పున, గొర్రెలు మేసే బీడులో సర్కారు మూడెకరాలు ఇచ్చింది. మొదటి ఏడు రాగులు చల్లాడు. అక్కడొకటి ఇక్కడొకటి మొలిచి, పసుపుపచ్చగా మారి చచ్చిపోయాయి. తరువాత దాన్ని ముట్టుకోలేదు. ఈ ఏడు తాలూకా ఆఫీసునుంచి వచ్చినవాడు, ఈ వానల్లో దున్నకపోతే భూమి వెనక్కి తీసుకుంటామని చెప్పి పోయాడు. అందుకే ముందురోజు ఎద్దులకు మడక కట్టి, ఈశాన్య మూలలో పూజ చేశారు. సీనప్ప భార్య మునివెంకటమ్మ పసుపునీళ్లు చిలకరించింది. నీళ్లు నేల తాకీ తాకకముందే ఎర్రబడ్డాయట.

"భూమమ్మ నెత్తురు అడుగుతాండాది, ఈ నేల జోలికి పోవద్దు అని మడక ఇప్పేసిందప్పా మా ఆయమ్మ. నేను దున్నితే పేరేసంద్రకు, పుట్టింటికి పోతానంటాది."

"రెండు దినాలు పోయి వస్తుందిలే."

"పోతే ఎద్దులను కూడా తోలుకుపోతాది. అవి ఆయమ్మ పుట్టింటివే గదా!" సీనప్ప గొంతు తగ్గించాడు. "నాకు ఒక్క ఉపకారం సెయ్యప్పా. పసుపు కల్తీదని నువ్వు వచ్చి ఒక్క మాట సెప్పు. ఆయమ్మ భయం పోతాది, నా భూమి నిలుస్తాది."

పటాల ముందు నిలబడి ఉన్నాను. ఆ మాట ఎలా చెప్పను? చెప్పకపోతే ఒకడి భూమి పోతుంది. అబద్ధం వల్ల ఒక ఇల్లు నిలబడితే అది పాపమా అని ఒక్క క్షణం స్వామిని అడిగాను కూడా. అంతకంటే పెద్ద సందేహం ఇంకొకటి వచ్చింది. పసుపు మంచిదే. మరి ఎర్రబడింది ఎందుకు?

లోపలికి వెళ్లి మా ఇంటామె సులోచనమ్మను అడిగాను. ఆమె చేట కింద పెట్టకుండానే చెప్పింది.

"దిష్టికి ఎర్రనీళ్లు ఎట్ల కలుపుతాము? పసుపులో ఇంత సున్నం వేస్తే అయిపాయె. పెండ్లికూతురి పారాణి కూడా అంతే గదా."

"ఆ నేలలో సున్నం ఎవరు కలిపినారు?"

"నన్నడిగితే ఏం తెలుస్తాది? పోయి ఆ నేలనే అడుగు."

పసుపు పొట్లం, రెండు నిమ్మకాయలు, చెంబు నీళ్లు తీసుకున్నాను. మా పెరటి మన్ను కూడా గుప్పెడు కాగితంలో కట్టుకుని సీనప్ప వెంట నడిచాను.

మునివెంకటమ్మ గట్టు మీద కాపలా కూర్చున్నట్టు కూర్చుని ఉంది. కొంచెం దూరంలో చాకలి అక్కయమ్మ బట్టలు ఉతకడానికని చౌడు మట్టి గోకి తట్టలోకి ఎత్తుకుంటోంది. చెప్పులు విడిచి నేలలోకి దిగాను. చాలాసార్లు పక్కనుంచి పోయిన బీడే కానీ వంగి చూసింది అదే మొదటిసారి. పైన తెల్లగా, పిండి చల్లినట్టు పొర. దాని కింద గోరు కూడా దిగనంత గట్టి. ముందురోజు సాయంత్రం పడిన చిన్న వాన మా పెరట్లో పడీపడగానే ఇంకిపోయింది. ఇక్కడ గొర్రెల కాలిగుంతల్లో ఇంకా నిలిచే ఉంది, టీ నీళ్ల రంగులో. ఆ తడి మట్టి వేళ్ల మధ్య రుద్దితే సబ్బులా జారింది. తెల్లటి పొడి కొంచెం నాలుక మీద వేసుకున్నాను. ఉప్పనుకున్నాను. ఉప్పు కాదు. ఉతుకుడు సోడాలా చురుక్కుమంది.

"నాకకు సామీ, నోరు పొక్కిపోతాది!" అని అక్కయమ్మ అరిచింది. "ఆకలైతే ఇంట్లో సెప్పాల."

సీనప్ప నవ్వాడు. మునివెంకటమ్మ నవ్వలేదు.

కాగితంలోని మా పెరటి మన్ను గట్టు మీద పరిచి పసుపునీళ్లు పోశాను. పసుపుగానే ఉంది. అదే చెంబునుంచి ఈశాన్య మూలలో పోశాను. సీనప్ప చెప్పింది నిజమే. కళ్లముందే ఎర్రబడింది. ఎందుకో తెలిసే వచ్చాననుకున్నాను గానీ, ఆ ఎరుపు చూడగానే నా చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

"చూసినావా అప్పా!" అంది మునివెంకటమ్మ.

పారాణి మరక పోవడానికి పిండినట్టు, నిమ్మకాయ కోసి ఎరుపు మీద పిండాను. నేల సన్నగా బుసబుసమని నురుగు కక్కింది. ఎరుపు పోయి పసుపు వచ్చింది. మునివెంకటమ్మ లేచి దగ్గరికి వచ్చింది.

"అమ్మ శాంతించినాది!"

అందరం అలాగే చూస్తూ నిలబడ్డాము. కాసేపటికి అంచులనుంచి మళ్లీ ఎరుపు పాకింది.

"మళ్లా కోపమొచ్చినాది," అంది ఆమె.

"నీ మాదిరే," అన్నాడు సీనప్ప.

"నువ్వు నోరు మూసుకో. అమ్మ దగ్గర ఎగతాళా?"

"సున్నం మాదిరిది ఏదో ఈ నేలలో ఉండాదమ్మా. అందుకే పసుపు ఎర్రగా అయితాది," అన్నాను నేను.

"ఉండాదే అనుకో. పెట్టినదెవరప్పా?"

 అది నేను కూడా అడగాలనుకుంటున్న ప్రశ్నే. అప్పుడొకటి తోచింది.

"అమ్మను ఒక్క మూలలో అడిగి ఇంటికి పోతిరి గదమ్మా. గుడికి పోతే ప్రదక్షిణం చేయకుండా వస్తామా? చుట్టూ తిరిగి అడుగుదాం రా. అంతటా ఎర్రగానే అయితే నేనే సీనప్పకు సెప్తాను, భూమి వదిలేయమని."

సీనప్ప ముఖం పాలిపోయింది. "ఏమప్పా, నువ్వు ఎవరి పక్క?" అన్నాడు.

మునివెంకటమ్మ కొంగు నడుముకు దోపుకుని చెంబు నా చేతిలోనుంచి తీసుకుంది.

ఆమె ముందు, వెనక నేను, నా వెనక సీనప్ప. తూర్పు గట్టు వెంబడి పోసింది. ఎరుపు. ఆగ్నేయంలో ఎరుపు. సీనప్ప ఊపిరి నాకు వినిపిస్తోంది. నేల మెల్లగా ఎత్తవుతూ దక్షిణం వైపు వచ్చేసరికి తెల్లపొర పలచబడింది. అక్కడ పోస్తే ఎరుపూ కాదు పసుపూ కాదు, ఇటుకపొడి రంగు. నైరుతిలో చిన్నచిన్న రాళ్లు, తంగేడు పొదలు. మునివెంకటమ్మ వంగి పోసింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"పసుపు," అంది.

ఇంకోచోట పోసింది. పసుపే. పొద చుట్టూ తిరిగి పోసింది. పసుపే. కూర్చుని ఆ తడిమన్ను చేత్తో పిసికి, చెంపకు రాసుకుంది.

"ఈ పక్క ఇచ్చినాదిరా," అంది భర్తతో. ఆ క్షణంలో అతన్ని రా అన్నదని ఇద్దరూ గమనించలేదు.

తరువాత ఆమె మమ్మల్ని అడగలేదు. అక్కడక్కడా కొంచెం కొంచెంగా పోస్తూ, ఎరుపు ఎక్కడ ఆగిందో అక్కడ రాయి పెట్టిస్తూ పడమటి గట్టు దాకా పోయింది. ఈశాన్యం పల్లం కాబట్టి చుట్టుపక్కల వాననీళ్లు అక్కడికే చేరి ఎండుతాయి. ఆ మూలే మంచిదని అందరం అక్కడే పూజ చేస్తాము. నైరుతిని ఎవరు అడుగుతారు?

"రాళ్లకు ఈ పక్క మనది. ఆ పక్క అమ్మది. ఆడ మడక పెడితే నేనుండను," అంది మునివెంకటమ్మ.

"ఆ పక్క నాది కూడా! మీరు అంతా దున్నేస్తే మట్టికి నేను యాడికి పోవాల?" అని తట్ట నెత్తికెత్తుకుంటూ అరిచింది అక్కయమ్మ.

దున్నడానికి ఎకరానికి ఎక్కువే మిగిలింది. తాలూకా ఆఫీసువాడు వస్తే చూపించడానికి సాళ్లు ఉంటాయి. మధ్యాహ్నానికి ఎద్దులు వచ్చాయి. మడక దిగగానే రాళ్ల పక్కన మన్ను పొడిపొడిగా విచ్చుకుంది.

"అయినా పొద్దుననే కల్తీదని ఒక మాట సెప్పింటే ఇంత తిరుగుడు ఉండేది కాదు గదప్పా," అన్నాడు సీనప్ప మడక ఆపి.

"సెప్పింటే నువ్వు ఈశాన్యంలోనే విత్తేవాడివి."

అతను ఆ తెల్లటి మూల వైపు చూసి, ఎద్దులను అదిలించాడు.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే సులోచనమ్మ నా అరచేతులు చూసింది. పసుపూ చౌడూ కలిసి మణికట్టు దాకా ఎర్రగా పండాయి.

"ఈ వయసులో పారాణి ఎవరు పెట్టినారు?"

"నేల పెట్టింది," అన్నాను.

రెండో నిమ్మకాయ జేబులోనే ఉంది. పిండితే ఎరుపు పోతుందని తెలుసు. సాయంత్రం దీపం పెట్టేదాకా పిండలేదు.