మాస్టారి కనుబొమ్మ

ఆ టీ కంపెనీలో అందరూ ఆమెను చిన్నమ్మాయి అనే పిలుస్తారు. వయసు నలభై ఒకటి. ఇరవై రెండేళ్లప్పుడు రుచి చూసే గదిలో చేరితే ఎవరో ముద్దుకు పెట్టిన పేరు, ఇప్పటికీ వదల్లేదు. ఆ గదిలో ఉండేది ఇద్దరే: ఆమె, మాస్టారు. మాస్టారు రిటైరవుతున్నారు, సోమవారం నుంచి ఆయన కుర్చీ ఆమెది. ఆ సంతోషానికి ఓనరు గారు శనివారం మధ్యాహ్నం ఇద్దరినీ, వాళ్లతో పాటు ప్యాకింగ్ చూసే అమ్మాయినీ, వీధి చివర కొత్తగా తెరిచిన వియత్నాం హోటల్‌కి భోజనానికి తీసుకొచ్చారు.

సంతోషమంతా వాళ్లదే. చిన్నమ్మాయి గుండె మాత్రం పీచుపీచుమంటోంది.

ఐదు వారాలుగా ఆమెకు వాసన తెలియడం లేదు. ఆఫీసంతా చుట్టబెట్టిన జ్వరం ఆమెకూ వచ్చి, మూడు రోజుల్లో తగ్గి, పోతూ పోతూ ముక్కును పట్టుకుపోయింది. ఉప్పూ పులుపూ నాలుకకు లీలగా అందుతాయి. అంతకు మించి టీ అయినా వేడినీళ్లయినా ఒకటే. ఈ సంగతి మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. "అదే వస్తుందిలే, కంగారు పడకు" అన్నాడాయన. ఆయనకేం, తాళాలు బాగుచేసే మనిషి. ఆయన ముక్కుతో ఎవరికీ పని లేదు.

మరి ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చిందయ్యా అంటే, మాస్టారి పుణ్యమా అని. బల్ల మీద వరుసగా ముప్పై కప్పులుంటాయి. ముందు మాస్టారు చెంచాతో జుర్రున పీల్చి, నోట్లో తిప్పి, ఉమ్మేస్తారు. తర్వాత ఆమె. కానీ పదికి ఎంత అన్న మార్కు మాత్రం ముందు చిన్నవాళ్లే చెప్పాలి. పెద్దవాళ్లు ముందు చెబితే చిన్నవాళ్లు తలూపేస్తారని ఎప్పుడో ఎవరో పెట్టిన నియమం. పాపం, ఆ పెట్టినాయనకు కనుబొమ్మల సంగతి తట్టలేదు. మాస్టారి ఎడమ కనుబొమ్మ లేచిందంటే ఆమె ఏడో ఎనిమిదో అంటుంది. లేవకపోతే ఐదు. ఈ ఐదు వారాల్లో ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు. "ఊఁ" అంటారు, సంతకం పెడతారు.

సోమవారం నుంచి ఆ కనుబొమ్మ ఉండదు. ఉద్యోగం పోతే పోయింది, పందొమ్మిదేళ్లు కూడబెట్టుకున్న మంచిపేరు ఒక్క పూటలో దొంగపేరైపోతుంది. రోజూ పొద్దున్నే చెప్పేద్దామనుకుంటుంది. కప్పులు ముందుకొచ్చేసరికి నోరు పెగలదు.

హోటలావిడ పెద్ద పెద్ద గిన్నెల్లో పొగలు కక్కే సూప్ తెచ్చి పెట్టింది. ఫో అంటారట. తెల్లటి బియ్యపు సేమ్యా, పల్చటి మాంసం ముక్కలు. పక్క పళ్లెంలో రకరకాల పచ్చి ఆకులు, నిమ్మబద్దలు, ఒక సాస్ సీసా.

"అక్కా, నువ్వు కళ్లు మూసుకుని ఇందులో ఏమేం వేశారో చెప్పేయగలవు కదా" అంది ప్యాకింగ్ అమ్మాయి.

"చెప్పమ్మా, మేమూ చూస్తాం" అన్నారు ఓనరు గారు, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

చిన్నమ్మాయి చెంచా అందుకుంది. దాన్ని సూప్‌లో ముంచుతుంటే అడుగు నుంచి అనాసపువ్వు రేకు ఒకటి పైకి తేలింది. దేవుడే పంపాడనుకుని కళ్లు మూసుకుని పీల్చి, "అనాసపువ్వు" అంది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. "మరి ఈ ఆకులు?" అంటూ పళ్లెం జరిపి, సాస్ సీసా మూత లాగింది. మూత ఊడొచ్చి, సీసా పక్కకు పడి, సగం సాస్ బల్ల మీద ఒలికిపోయింది.

అది నెలల తరబడి ఉప్పులో ఊరిన చేపల రసం. అమ్మాయి ముక్కు మూసుకుని లేచి దూరంగా జరిగింది. ఓనరు గారు జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని కిటికీ దగ్గరకు పోయారు. పక్క బల్ల వాళ్లు తలలు తిప్పి చూశారు. "అది చుక్కల్లెక్కన వేసుకోవాలమ్మా" అంటూ హోటలావిడ గుడ్డ కోసం లోపలికి పరిగెత్తింది.

చిన్నమ్మాయి అలవాటు కొద్దీ ముందు మాస్టారి కనుబొమ్మ వైపు చూసింది. అది కదల్లేదు. కాబట్టి తనూ కదల్లేదు.

సాస్ పారుకుంటూ వెళ్లి మాస్టారి చొక్కా చేతిని తడుపుతోంది. ఆయన తల వంచుకుని సేమ్యా తింటున్నారు. కాసేపటికి తలెత్తి, ముక్కులు మూసుకుని నిలబడ్డ వాళ్లను చూశారు. ఆ తర్వాత, కూర్చునే ఉన్న ఆమెను చూశారు. ఆయన చేతిలో చెంచా గిన్నెలోకి జారింది.

"మీకు కూడానా?" అంది గొంతు తగ్గించి.

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ."

"మరి ఆ కనుబొమ్మ ఎందుకు ఎగరేస్తారు మాస్టారూ?"

"టీ కాలుతుంది కదమ్మా" అన్నారాయన. "నువ్వున్నావు కదా అని ధైర్యంగా సంతకాలు పెట్టేశాను."

ఆమెకు అప్పుడు లెక్క తెలిసింది. ముందు పోసి చల్లారిన కప్పులకు ఐదు, చివర పోసి నోరు కాల్చిన కప్పులకు ఎనిమిది. ఐదు వారాలుగా ఆ కంపెనీ టీని రుచి చూసిన మనిషే లేడు.

హోటలావిడ బల్ల తుడిచి వెళ్లాక ఓనరు గారు నవ్వుతూ వచ్చి కూర్చున్నారు. "మీ ఇద్దరికీ దండం పెట్టాలి. అంత కంపులో ఒక్కరూ కదల్లేదు. అదీ అనుభవమంటే. సోమవారం పెద్ద సరుకు దిగుతోంది, ఇక నాకు బెంగ లేదు. సరే, ఈ సూప్‌కి మార్కు చెప్పండి చూద్దాం."

మాస్టారు ఆమెను చూశారు. ఇంత సర్వీసు చేసి సోమవారం హాయిగా ఇంట్లో ఉండబోయే మనిషి, కళ్లతోనే బతిమాలుతున్నారు. ఎడమ కనుబొమ్మ మెల్లగా పైకి లేచింది. ఈసారి వేడికి కాదు.

ఎనిమిది అంటే చాలు, ఈ పూట గడిచిపోతుంది. కానీ సోమవారం? ముప్పై కప్పుల ముందు ఒంటరిగా కూర్చోవడం తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది. ముందు చెప్పాల్సింది చిన్నవాళ్లే.

"నేను చెప్పలేనండీ" అంది. "నాకు ఐదు వారాలుగా వాసన తెలియట్లేదు. ఇన్నాళ్లూ దొంగ మార్కులు చెప్పాను."

ఓనరు గారి నవ్వు ఆగిపోయింది. ఆయన ఎప్పటిలాగే రెండో మాట కోసం మాస్టారి వైపు తిరిగారు.

మాస్టారు తడిసిన చొక్కా చేతిని చూసుకుంటూ "ఊఁ" అన్నారు. తలెత్తి, "నాకూ అంతేనండీ" అన్నారు.