ఎదురు పొయ్యి

ఉప్పలమ్మకు జొన్నరొట్టెలు కొట్టడం కన్నా రోడ్డు అవతలికి చూడడమే పెద్ద పని అయిపోయింది. దేవరకొండ బస్టాండు దగ్గర ఆమె పొయ్యికి ఎదురుగా ఇంకో పొయ్యి లేచింది మరి. అది కూడా ఎవరిది? నిన్నమొన్నటిదాకా తన దగ్గరే పిండి పిసికిన ప్రవళికది. చెయ్యి పట్టి నేర్పించినందుకు నెత్తినెక్కి కూర్చుంది అనుకునేది ఉప్పలమ్మ.

ఆ పిల్ల పొయ్యి దగ్గర జనం నిలబడి మరీ తింటున్నారు. రొట్టె మెత్తగా ఉంటుందట, చల్లారినా గట్టిపడదట. ఆ మాట విన్నప్పుడల్లా ఉప్పలమ్మకు ఒళ్లు మండిపోయేది. జొన్నపిండికి అంత మెత్తదనం ఎక్కడి నుంచి వస్తుంది? కచ్చితంగా మైదా కలుపుతోంది. ముందు అనుకుంది, తర్వాత పక్కన పండ్లమ్మే నర్సింగమ్మతో అంది, ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ చెప్పింది. చెప్పగా చెప్పగా తానే నమ్మేసింది.

అక్కడితో ఆగితే బాగుండేది. అందరూ మెచ్చేది మైదానే అయితే నేనొక్కదాన్నే మడి కట్టుకుని కూర్చోవడం ఎందుకని, ఒకరోజు తానూ నాలుగు గుప్పిళ్లు కలిపింది. రొట్టె మెత్తగా వచ్చింది. గిరాకీ కాస్త తిరిగింది కూడా. కానీ పిండి తడుపుతున్నప్పుడల్లా ఎవరైనా చూస్తున్నారేమోనని కొంగు అడ్డం పెట్టుకునేది. ముప్పై ఏళ్లలో ఎన్నడూ లేని అలవాటు అది.

ఇలా రెండు వారాలు గడిచాక ఒక సాయంత్రం ప్రవళికే రోడ్డు దాటి వచ్చింది, చేతిలో వేడివేడి రొట్టెతో.

"పెద్దమ్మా, కొత్త జొన్నలు వచ్చినయి. జర తిని చూడు, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు."

"గాడ పెట్టు," అంది ఉప్పలమ్మ మొహం తిప్పుకుని.

పిల్ల అటు వెళ్లగానే రొట్టె తుంచింది, ఇవాళ దొంగతనం బయటపెడతానన్న కసితో. మైదా ఉంటే సాగాలి. సాగలేదు. జొన్నరొట్టె విరిగినట్టే విరిగింది. నోట్లో వేసుకుంటే తియ్యగా, కమ్మగా, తాజా పిండి వాసన. పిల్ల ఏ రోజు పిండి ఆ రోజే గిర్నీలో పట్టించుకుంటోంది. తనేమో వారానికి సరిపడా ఒకేసారి పట్టించి మూటగట్టి పెడుతోంది. మెత్తదనం అంతా అందులో ఉంది. ఆ సంగతి ఆ పిల్లకు చెప్పింది కూడా తనే. నేర్పిన మనిషి మరిచిపోయింది, నేర్చుకున్న పిల్ల మరిచిపోలేదు.

అంతలో బాలయ్య కర్ర ఆనించి బల్ల మీద కూర్చున్నాడు. రిటైరైన కండక్టరు. షుగరుతో పోయినేడు కాలివేలు తీసేశారు. మైదా ముట్టొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారట. మైదా కలిపిన ఈ రెండు వారాలూ ఊళ్లో లేడు గానీ, ఉంటే రోజూ ఉప్పలమ్మ రొట్టెలే తింటాడు.

"చెల్లె, రెండు కాల్చు," అన్నాడు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఉప్పలమ్మ అబద్ధం చెప్పేసేది, చటుక్కున. అడగకుండా తువ్వాలతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నాడు, తన ఇంట్లో కూర్చున్నట్టు.

ఆమె పిండి ముద్ద తీసుకుంది. ఒత్తింది. మళ్లీ గిన్నెలో పడేసింది.

"అన్నా, ఇయ్యాల నా తాన తినకు. ఈ పిండిల మైదా కలిసింది."

"ఎవలు కలిపిండ్రు?"

"ఎవలు కలుపుతరు, నేనే కలిపిన."

బల్ల మీద తింటున్నవాళ్లంతా నమలడం ఆపారు. బాలయ్య కళ్లు చిన్నవి చేశాడు. "గా పిల్ల కలుపుతదని నువ్వే గద చెప్పినవు?"

"చెప్పిన. కండ్లల్ల నిప్పులు పోసుకొని చెప్పిన. ఆమెవి సక్కటి జొన్నరొట్టెలు. పో అన్నా, ఆడ తిను."

బాలయ్య కర్ర అందుకుని లేచాడు. ఆయన రోడ్డు దాటుతుంటే ఉప్పలమ్మే గొంతెత్తింది.

"ప్రవళికా! అన్నకు జర పలుచగ కొట్టు. గట్లయితెనే తింటడు!"

బల్ల మీద వాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఒకడు పళ్లెం విసురుగా పెట్టి పోయాడు. ఉప్పలమ్మ పిండి మొత్తం కుడితి బకెట్‌లో గుమ్మరించి, చేతులు కడుక్కుని అవతలికి చూస్తూ నిలబడింది. బాలయ్య రెండు రొట్టెలు తిన్నాడు. చెయ్యి చాపి మూడోది అడిగాడు. ఇన్నేళ్లలో ఆమె దగ్గర ఆయన ఎన్నడూ రెండు దాటలేదు.

కడుపు భగ్గున మండింది. మండనీ అనుకుంది ఉప్పలమ్మ. నోటి నుంచి వచ్చిన మాటను మాత్రం వెనక్కి తీసుకోవాలనిపించలేదు.