గురువారం జ్వరం

"అమ్మా, గురువారం నాకు జ్వరం," అంది శిరీష, పుస్తకాల సంచి మూలన పడేసి.

ఆ రోజు సోమవారం. పుష్పావతి పప్పు గరిటె చేత్తో అలాగే పట్టుకుని కూతురి వైపు తిరిగింది. వానలు ముందుగా చెప్పి వస్తాయని టీవీవాళ్లు అంటారు గానీ, జ్వరాలు రోజు చెప్పి రావడం ఆమె ఎన్నడూ వినలేదు.

"ఎవరు చెప్పినారే?"

"క్లాసు మిస్సు. నీ మొగం వాడిపోయి ఉండాది, గురువారం జ్వరమొచ్చేట్టుంది, బడికి రావద్దు, ఇంట్లోనే పండుకో అనింది. మస్తాన్‌కి కూడా గురువారమే వస్తాదంట. వెనక బెంచీలోళ్లకి అందరికీ వస్తాది."

"ముందు బెంచీలోళ్లకి?"

"వాళ్లకి రాదు. వాళ్లకి భాగహారాలొస్తాయి."

పుష్పావతికి పప్పు అడుగంటిన వాసన వచ్చింది. దించి పక్కన పెట్టింది గానీ ఆ వాసన మాత్రం రాత్రి దాకా ఆమెను వదల్లేదు.

గురువారం బడిలో పరీక్ష. మామూలుగా పెట్టే పరీక్ష కాదు. ప్రశ్నపత్రాలు జిల్లా నుంచి వస్తాయి. బ్లాకు ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఏ బడి పిల్లలకు ఎంత వచ్చిందో చూసి, ఆ చుట్టుపక్కల సర్కారు బడులన్నిటిలో పైన నిలిచిన బడికి షీల్డు ఇస్తారు. యలహంకలోని వీళ్ల బడికి ఆ షీల్డు వరసగా వస్తూనే ఉంది. లెక్కల మాస్టారు రిటైరై వెళ్లిపోయాక కూడా వస్తూనే ఉంది. ఆయన పోయినప్పటి నుంచి లెక్కల పీరియడ్లో పిల్లలు పూలచెట్లకు నీళ్లు పోస్తున్నారు. బడి ముందున్న మందారాలు అంత ఏపుగా ఉండడానికి అదే కారణం. మందారాలు ఎదిగినంతగా పిల్లలు ఎదగలేదు. ఏడో తరగతికి వచ్చినా శిరీషకు భాగహారం చేతకాదు. ఎలాగో భాగించి, మిగిలిన అంకె కనబడితే గబుక్కున రబ్బరుతో చెరిపేస్తుంది. అదేమే అంటే, "మిగిలితే చూసేదానికి బాగుండదు కదమ్మా," అంటుంది. ఇంకొన్ని నెలల్లో పెద్దబడికి పోవాల్సిన పిల్ల.

సాయంత్రం పుష్పావతి పక్క వీధిలో మస్తాన్ వాళ్లమ్మ ఫాతిమా ఇంటికి వెళ్లింది. ఫాతిమాది కదిరి. అప్పటికే ఆమె గురువారానికని మిరియాల చారుకు మిరియాలు దంచి డబ్బాలో పోసుకుంటోంది.

"జ్వరం ఇంకా రాలేదు కదే!"

"మిస్సు చెప్పినాక రాకుండా ఉంటాదా అక్కా? ముందే చెప్పింది, మంచిది కదా. పోయినేడు కూడా ఇట్లనే చెప్పింది. నేను రెండు దుప్పట్లు కప్పి పండబెట్టినా. పాపం పిల్లోడు చెమటతో తడిసి ముద్దయినాడు."

"జ్వరమొచ్చిందా?"

ఫాతిమా దంచుడు రోకలి పక్కన పెట్టి ఆలోచించింది. "రాలేదక్కా," అంది నెమ్మదిగా. "దుప్పట్లు కప్పినందుకే చెమట పట్టింది."

మిరియాల డబ్బాకు మూత పెట్టి, పై అరలోకి తోసేసింది.

పుష్పావతి బడి కమిటీలో సభ్యురాలు. పిల్లల తల్లిదండ్రులు తమలోంచే ఎన్నుకునే కమిటీ అది. బడి పనులు, పరీక్షల ఏర్పాట్లు, పై ఆఫీసుకు పంపే విన్నపాలు అన్నీ దాని ముందుకు రావాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలని రూలు. ఎన్నిక జరిగిన రోజు పుష్పావతి గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చింది. ఆడవాళ్లు ఒకరు తక్కువయ్యారని అందరూ తల పట్టుకుని ఉండగా, తలుపు దగ్గర ఒక ఆడమనిషి కనబడింది. చప్పట్లు కొట్టారు. ఆమె ప్రజాజీవితం అలా మొదలైంది. గొడుగు మాత్రం దొరకలేదు.

అధ్యక్షుడు చిక్కమునియప్ప. సంతవీధిలో రాగుల మిల్లు ఆయనది, మనవడు ఈ బడిలోనే చదువుతున్నాడు. షీల్డు బడిలో ఉంటే దుమ్ము పడుతుందని తన మిల్లులో పెట్టుకున్నాడు. అక్కడ దాని మీద రాగిపిండి పడుతుంది. పిండి ఆడించుకోవడానికి వచ్చిన పిల్లల్ని ఆపి, "ఏమప్పా, ఇన్ని రాగులు ఇంతమందికి పంచితే ఒకరికెన్ని?" అని లెక్క వేయడం ఆయన సరదా. శిరీష ఆ మిల్లుకు వెళ్లినప్పుడల్లా అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది.

మంగళవారం కమిటీ కూర్చుంది. హెడ్మిస్ట్రెస్ వనజాక్షి చింతామణి ఊరి వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడుతుంది, ఎప్పుడూ అలిసిపోయినట్టు ఉంటుంది. లెక్కల టీచరు కావాలని పంపిన విన్నపానికి బ్లాకు ఆఫీసు ఇచ్చిన జవాబు చెప్పింది. ఈ బడి ఫలితాలు అందరికంటే బాగున్నాయి కాబట్టి టీచర్ అవసరం లేదట. వెనకబడిన బడులకు ముందు ఇస్తారట.

"చూడండప్పా!" అన్నాడు చిక్కమునియప్ప మీసం దువ్వుకుంటూ. "టీచర్ లేకుండానే ఫస్టు వస్తా ఉండాం. ఉంటే ఇంకెట్లా ఉంటాదో!"

"అన్నా," అంది పుష్పావతి, "వెనక బెంచీ పిల్లోళ్లు రాయకుంటే ఎవరైనా ఫస్టు వస్తారు."

వనజాక్షి తల వంచి టేబుల్ మీది పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

"సుమ్నే, ఊరికే గలాటా ఎందుకమ్మా?" అన్నాడు చిక్కమునియప్ప. "జ్వరమొచ్చిన పిల్లోళ్లని లాక్కొచ్చి కూర్చోబెడతామా? దయ ఉండాల్నా వద్దా?"

"ఉండాలన్నా. నేను అనేది కూడా అదే."

మిగతా సభ్యులు అధ్యక్షుడి వైపు తల ఊపారు. ఊపడం వాళ్లకు అలవాటు. పుష్పావతి ఓడిపోయిందని అందరికీ తెలిసింది. ఆమెకు కూడా తెలిసింది. అందుకే గొంతు తగ్గించి, చాలా వినయంగా అంది:

"మన బడిలో ఇంతమందికి ఒకేసారి జ్వరాలొస్తా ఉంటే కమిటీ చూస్తా ఊరుకుంటే బాగుండదు. గురువారం పొద్దున గేటు దగ్గర ఒక జ్వర శిబిరం పెడదాం. ఆరోగ్య కేంద్రంలో సొన్నమ్మ ఉంది కదా, ఆమెను పిలుద్దాం. అన్న రిబ్బన్ కట్ చేస్తాడు. పైనుంచి వచ్చే సారు కూడా చూస్తాడు. బ్యానర్ మీద అన్న ఫోటో వేయిద్దాం."

చిక్కమునియప్ప కుర్చీలో ముందుకు జరిగాడు. "ఫోటో పెద్దదా, చిన్నదా?"

"నిలువెత్తుది."

"తలకు పేటా చుట్టుకున్న ఫోటో ఒకటి ఉండాది నాది," అన్నాడాయన, గొంతులో కొత్త మెత్తదనంతో.

"తీర్మానం రాయండి మేడం," అంది పుష్పావతి. "ఏ పిల్లోడికి జ్వరమన్నా ముందు శిబిరంలో చూపించల్ల. జ్వరముంటేనే ఇంటికి, లేకుంటే బడికి."

వనజాక్షి పెన్ను ఆగింది. కళ్లెత్తి పుష్పావతిని చూసింది. ఆ చూపులో ఏముందో పుష్పావతికి అప్పుడు అర్థం కాలేదు. మరుక్షణం పెన్ను మళ్లీ కదిలింది, ముందుకన్నా వేగంగా. చిక్కమునియప్ప ఫోనులో పేటా ఫోటో వెతుక్కుంటూ సంతకం పెట్టాడు.

ఆ రాత్రి మొగుడు నాగరాజ్ ముద్ద కలుపుతూ, "నీకెందుకే ఊరి గోల? పిల్ల ఒక్కరోజు ఇంట్లో ఉంటే ఏమైపోతాది?" అన్నాడు.

"ఏమీ కాదు," అంది పుష్పావతి. "లెక్కలు రాకుండానే పెద్దదైపోతాది. అంతే."

నాగరాజ్ కంచం ముందుకు జరిపాడు. మజ్జిగ అడిగాడు.

బుధవారం ఆమె, ఫాతిమా వీధి వీధీ తిరిగారు. గుమ్మం గుమ్మానికీ ఒకటే మాట. రేపు బడి గేటు దగ్గర జ్వరం చూస్తారు, కమిటీ చెప్పింది, పిల్లోళ్లని పిలుచుకొని రండి, యూనిఫాం వేసి తీసుకొస్తే మేలు. "జ్వరానికి యూనిఫాం ఎందుకమ్మా?" అని ఒకామె అడిగితే, "ఫోటోలు తీస్తారు," అంది ఫాతిమా తడుముకోకుండా. పుష్పావతి ఆమెను మెచ్చుకోలుగా చూసింది.

గురువారం తెల్లారి బడి గేటుకు బ్యానర్ కట్టారు. పేటా పెట్టుకున్న చిక్కమునియప్ప దాని మీద ఆకాశం వైపు చూస్తున్నాడు. కింద ఉన్న చిక్కమునియప్ప కత్తెర పట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు. చూస్తున్న కొద్దీ ఆయన మొహం రంగు మారుతూ వచ్చింది. అన్ని సందుల్లోంచీ తల్లులు వస్తున్నారు. చంకలో చంటిపిల్లలు, చేతిలో వెనక బెంచీ పిల్లలు. తలకు నూనె, నుదుట బొట్టు, జేబులో పెన్ను.

"ఏమిది?" అన్నాడు.

"జ్వరాలన్నా," అంది పుష్పావతి.

అంతలో బ్లాకు అధికారి దిగాడు. అభిజిత్ అని కుర్రవాడు, ఉద్యోగంలో కొత్తగా చేరాడు. బ్యానర్ చూసి నవ్వి, "చాలా బాగుంది, కట్ చేయండి," అన్నాడు కన్నడంలో. చిక్కమునియప్ప రిబ్బన్ కట్ చేశాడు. ఇంకేం చేయగలడు?

సొన్నమ్మ దగ్గర కరోనా నాటి థర్మామీటరు ఉంది, పిస్తోలులా నుదుటికి గురిపెట్టేది. ఆమె ఒక్కొక్కరికీ గురిపెట్టి, గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "లేదు. నీకూ లేదు. నీకేముండాది, గుండ్రాయి మాదిరి ఉండావు, పో. లేదు. ఎవరే దీన్ని పిలుచుకొని వచ్చింది, దీనికి మొటిమ తప్ప ఇంకేమీ లేదు. లేదు." మస్తాన్ పిస్తోలు చూసి చేతులు పైకెత్తాడు. పిల్లలంతా నవ్వారు. శిరీష నవ్వలేదు. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాకు భాగహారం రాదమ్మా," అంది చిన్నగా.

"రాదని నాకూ తెలుసు. పైవాళ్లకు తెలియదు. పోయి చెప్పు."

అభిజిత్ గడియారం చూసుకున్నాడు. "ఎవరికీ జ్వరం లేదు కదా. వీళ్లంతా బయటెందుకు ఉన్నారు?"

చిక్కమునియప్ప నోరు తెరిచాడు. ఆయన మాట బయటికి రాకముందే మెట్ల మీది నుంచి వనజాక్షి గొంతు వినబడింది. ఆ గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆ బడిలో ఎవరికీ తెలియదు.

"లోపలికే వస్తున్నారు సార్. వీళ్లంతా మా పిల్లలే."

పిల్లలు వరసగా లోపలికి వెళ్లారు. పిల్లలందరి లెక్కన వచ్చే ప్రశ్నపత్రాల్లో ప్రతి ఏడూ ఒక కట్ట మిగిలిపోయి, వంటగదిలో అరటిపళ్ల కింద పరుచుకోవడానికి పోయేది. ఆ ఏడు ఒక్కటి కూడా మిగల్లేదు.

మధ్యాహ్నం శిరీష కళ్లు నలుపుకుంటూ బయటికి వచ్చింది. "సగం రాలేదమ్మా."

"వచ్చింది రాసినావా?"

"రాసినా."

"రానిది?"

"ఖాళీ పెట్టినా."

"మంచిపని చేసినావు," అంది పుష్పావతి. "మనకు కావల్సింది ఆ ఖాళీయే."

ఫలితాలు వచ్చాయి. ఆ చుట్టుపక్కల బడులన్నిటిలో ఆఖరి బడి వీళ్లదే. పుష్పావతి ఒబ్బట్లు చేసి వీధంతా పంచింది. "ఆఖరున వచ్చినందుకు స్వీటు తినేది మనమొక్కరమే అక్కా," అంది ఫాతిమా రెండోది అందుకుంటూ. కానీ రాత్రి పడుకున్నాక పుష్పావతి లేచి కూర్చుంది. టీచర్ రాకపోతే? బడి పరువు పోయింది, పిల్లకు లెక్కలూ రాలేదు, రెండూ తనవల్లే అవుతాయి.

చిక్కమునియప్ప షీల్డు మీది పిండి తుడిచి, అత్తారింటికి కూతుర్ని పంపినట్టు పక్క బడివాళ్లకు అప్పగించి వచ్చాడు. వచ్చిన వెంటనే కమిటీని పిలిచాడు. ఈసారి కిటికీల దగ్గర తల్లులు కూడా గుమిగూడారు.

"ఈమె ఉంటే నేనుండను," అన్నాడు. "ఎన్నేండ్లుగా నిలబెట్టినానమ్మా ఈ బడి పేరు! బ్యానర్ మీద నా మొగం, గేటు కింద నా పరువు! ఈమెను తీసేయల్లని తీర్మానం రాయండి మేడం."

సభ్యులు తల ఊపబోయి, కిటికీల వైపు చూసి, మధ్యలో ఆపారు.

వనజాక్షి లేచి నిలబడింది. "తీర్మానం తర్వాత రాస్తాను. ముందు ఆఫీసు నుంచి వచ్చిన ఆర్డరు వినండి." ఆమె కాగితం మడత విప్పింది. "బాగా వెనకబడిన బడి అని మనకు లెక్కల టీచర్ ఇచ్చారు. సోమవారం చేరుతుంది. అభిజిత్ సార్ తానే రాశారంట, ఈ ప్రాంతంలో నమ్మదగ్గ ఫలితం ఈ బడిదొక్కటే అని."

కిటికీ దగ్గర ఫాతిమా ఈల వేసింది. ఆడవాళ్లు ఈల వేయడం ఆ బడిలో అదే మొదలు. ఆ వెనక చప్పట్లు, కేకలు, చంటిపిల్లల ఏడుపులు. పుష్పావతి మాట్లాడదామని లేచింది. కొంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది. వనజాక్షి ఆమెను చూసింది, ఆ మంగళవారం నాటి చూపే. ఇప్పుడు అర్థమైంది. ఎవరైనా ఒకరు అడిగితే బాగుండునని ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మనిషి చూపు అది.

చిక్కమునియప్ప మాత్రం ఎంతో సేపు ఇబ్బంది పడలేదు. చప్పట్లు తనవైపు రావడానికి పట్టేంత సేపే. లేచి రెండు చేతులూ జోడించాడు. "నేను అప్పుడే అనుకున్నానప్పా! శిబిరం పెట్టకుంటే ఇదంతా అయ్యేదా? ఆ శిబిరం ఎవరిది?"

"మీదే అన్నా," అంది పుష్పావతి. "బ్యానర్ ఇంకా గేటుకే ఉంది."

సోమవారం స్కూటీ మీద నళిని టీచర్ వచ్చింది. మందారాలకు నీళ్లు తగ్గాయి.

కొన్ని నెలలు గడిచాక ఒక సాయంత్రం పుష్పావతి కూతురితో రాగులు ఆడించడానికి మిల్లుకు వెళ్లింది. షీల్డు ఉండే అలమరాలో ఇప్పుడు చిక్కమునియప్ప రిబ్బన్ కట్ చేస్తున్న ఫోటో ఉంది. ఆయన అలవాటుగా పిల్లను ఆపాడు.

"ఏమమ్మా, వంద సేర్ల రాగులు ఏడుగురికి పంచితే ఒక్కొక్కరికి ఎన్ని?"

శిరీష కొంగు వెనక్కి పోలేదు. సుద్దముక్క తీసుకుని మిల్లు తలుపు మీద రాసింది. నాలుక బయట పెట్టుకుని, ఒత్తి ఒత్తి.

"పద్నాలుగు," అంది.

"శభాష్!" చిక్కమునియప్ప మిల్లు ఆపి మరీ అరిచాడు. "మా బడి పిల్ల! చూసినావామ్మా పుష్పావతీ, మా బడి పిల్ల!"

"ఉండు తాతా, అయిపోలేదు," అంది శిరీష. "ఇంకా రెండు మిగుల్తాయి. అవి కూడా రాయల్ల."

రాసింది. పెద్దగా, తలుపు అంచు దాకా.