చేతొడుగుల లెక్క

ఇంట్లో అందరూ ఆమెను లెక్కలమ్మ అంటారు. లెక్క తప్పిందంటే ఆమెకు తల కొట్టేసినట్టుంటుంది. పగలంతా ల్యాబులో రక్తపరీక్షలు చేసే మనిషి, సాయంత్రమయ్యేసరికి అక్క ఇంట్లో బావ పక్కనున్న రెండో కంప్యూటరు ముందు చేరి ఆటలో కత్తి దూస్తుంది. ఆ ఆటలో ఐదుగురు కలిసి ఒక డ్రాగన్‌ను చంపాలి. బావ డాలు పట్టుకుని ముందు నిలబడి దాని కోపమంతా తన మీదికి లాక్కోవాలి. మిగతా నలుగురూ వెనక నుంచి కొట్టాలి. జట్టు నాయకుడూ ఆయనే.

లెక్కలమ్మ నానా తంటాలూ పడి కొత్త చేతొడుగులు సంపాదించింది. వాటితో దెబ్బ పదోవంతు తగ్గుతుంది గానీ నాలుగింట ఒకటి రెట్టింపై పడుతుంది. సగటు కట్టింది. ఆటలో సాధనకని పెట్టిన బొమ్మను చావబాది మరీ సరిచూసుకుంది. పాతవాటికంటే నూటికి పన్నెండు పైమాటే.

తీరా యుద్ధంలోకి దిగాక, సగం కాకముందే డ్రాగన్ బావను వదిలేసి గిర్రున తిరిగి ఆమెను మింగేసింది. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ మింగింది. చచ్చినవాళ్ళ దెబ్బకు సగటేమిటి?

"ఇంకొక్కసారి చచ్చావంటే నీ చోటు మా ఆఫీసులో ఒకాయనకిచ్చేస్తా" అన్నాడు బావ, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఉన్న ఒక్క సరదా ఆ చోటే. ఈసారి అందరి సామగ్రీ కలిపి లెక్క కట్టింది. అసలు సంగతి తేలిపోయింది. ఎవరు గట్టిగా కొడితే డ్రాగన్ వాళ్ళ మీదికి తిరుగుతుంది. దాన్ని పట్టి ఉంచే సత్తా బావ డాలుకు లేదు.

"బావా, నీ సంచిలో ఇంకో డాలుందిగా, ఇనపది. అది పట్టుకుంటే ఈ గొడవే ఉండదు. ఇదిగో, లెక్క చూడు."

"ఈ డాలు నాకు అచ్చొచ్చింది లెక్కలమ్మా. మొదట్నుంచీ ఇదే."

"అచ్చొస్తే నేనెందుకు చస్తున్నాను?"

"అతిగా కొడుతున్నావు కాబట్టి."

కొట్టమనే కదా వెంట తీసుకెళ్ళింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో ఏ సూత్రం వాదించగలదు? అచ్చిరావడానికి నూటికి ఎన్ని మార్కులు వేయాలో ఆమెకు తెలియదు.

పళ్ళు నూరుతూ ఇంకో లెక్క కట్టింది. ఈయన డాలు మార్చడు. మరి తను బతికుండాలంటే? పాత చేతొడుగులే తొడుక్కోవాలి. పైగా మధ్యమధ్యలో కత్తి దించి ఊరికే నిలబడాలి. లెక్క ఎక్కడా తేడా లేకుండా కుదిరింది. ఆమెకు ఏడుపొచ్చింది.

ఈసారి డ్రాగన్ చచ్చింది. ఎవరు ఎంత కొట్టారో చూపించే పట్టికలో ఆమె అట్టడుగున ఉంది. బావ కుర్చీలో వెనక్కి వాలి, "ఇలా ఆడాలి. చోటు నీదే" అన్నాడు, ఏదో దానం చేస్తున్నట్టు.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్క గిన్నెలు తుడుస్తోంది.

"గెలిచారా?"

"మీ ఆయన గెలిచాడు."

"అదేంటి, నీ లెక్క తప్పిందా?"

"లేదక్కా. సరిగ్గా సరిపోయింది."

అక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది. గదివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎంత తగ్గించుకున్నావే?"