గుమ్మం బయట చెప్పులు

డెబ్బై ఆరులో, కాలేజీ మొదటి రోజున, క్లాసు గుమ్మం బయట చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. మా భీమిలి బడిలో అలాగే వెళ్లేవాళ్లం. బెంచీల మీంచి పకపకా నవ్వులు. చూస్తే అందరి కాళ్లకూ చెప్పులున్నాయి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ముందుగా చెప్పేవాళ్లెవరు?

మధ్యాహ్నం కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే, కంచరపాలెం నుంచి వచ్చే పుష్పకుమారి పక్కకొచ్చింది.

"అసిరమ్మా, ఏడుస్తన్నావేటి?"

"ఏడుపెందుకు? ఒళ్లు మండతంది. సదువుకునే సోటికి సెప్పులతో ఎలాగెల్తాం?"

"నానూ ఇప్పీసాను. నిన్ను సూసి నవ్వుతంటే మళ్లీ ఏసీసుకున్నాను." ఆమె తల దించుకుంది. "మా ఇంట్లోనూ నానే మొదలు."

"నాను రేపూ ఇప్పుతాను. నవ్వితే నవ్వనీ."

మర్నాడు నా చెప్పుల పక్కనే పుష్పకుమారి కూడా విప్పింది. మళ్లీ నవ్వారు. మేం వెళ్లి మొదటి బెంచీలో కూర్చున్నాం.

మూడో రోజు మేం వచ్చేసరికి గుమ్మం పక్కన అప్పటికే ఒక జత ఉంది. అరిగిన హవాయి చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసు.

లోపలికి వెళ్లాక ఎవరి మొహమూ చూడలేదు. బెంచీల కింద ఒట్టి కాళ్ల కోసం వెతికాను.